కంప్యూటర్ విజన్ పేపర్‌ని ఆన్‌లైన్‌లో ఎంతమంది పట్టించుకున్నారో లెక్కేయడం ఎలా

"మన పేపర్‌కి ఆన్‌లైన్‌లో రెస్పాన్స్ ఎలా ఉంది?" అని గైడ్ గారు అడగ్గానే చాలామంది ఆల్ట్‌మెట్రిక్ (పేపర్ గురించి ఆన్‌లైన్‌లో వచ్చే ప్రస్తావనల్ని లెక్కేసే సర్వీసు) చూపించే రంగుల చక్రాన్ని స్క్రీన్‌షాట్ తీసి పంపేస్తారు. నేనూ మొదట్లో అదే చేశాను. కంప్యూటర్ విజన్ (ఫొటోల్నీ వీడియోల్నీ కంప్యూటర్‌తో చదివించే రంగం) పేపర్లకి అదొక్కటే చూస్తే లెక్క తప్పుతుంది.

వేవ్2లిప్‌నే తీసుకోండి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు బాత్ యూనివర్సిటీతో కలిసి 2020లో తెచ్చిన మోడల్, వీడియోలో మనిషి పెదాల్ని ఏ ఆడియోకైనా సరిపోయేలా కదిలిస్తుంది. పేపర్ ఆ ఆగస్టులో, పేపర్లని అందరికీ ఫ్రీగా పెట్టే సైట్ ఆర్కైవ్ (arXiv)లోకి వచ్చింది (నంబరు 2008.10010, మొదటి నాలుగంకెలే ఏడాదీ నెలా), అదే ఏడాది ఏసీఎం మల్టీమీడియా కాన్ఫరెన్స్‌లో వచ్చింది, కోడ్ గిట్‌హబ్‌లో (కోడ్ పంచుకునే సైట్) ఉంది. తమాషా ఏంటంటే పేపర్ టైటిల్లో "వేవ్2లిప్" అన్న మాటే లేదు, అది "ఎ లిప్ సింక్ ఎక్స్‌పర్ట్ ఈజ్ ఆల్ యూ నీడ్" అని మొదలవుతుంది. జనం వాడేది మాత్రం ఆ ముద్దుపేరే.

కాబట్టి ముందు ఒక షీట్ తెరిచి ఆ పనికున్న అడ్రస్‌లన్నీ రాసుకోండి: ఆర్కైవ్ నంబరు, డీఓఐ (పేపర్‌కి ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు), గిట్‌హబ్ లింకు, ప్రాజెక్ట్ పేజీ, పూర్తి టైటిల్, ముద్దుపేరు. సీవీపీఆర్, ఐసీసీవీ అనే విజన్ కాన్ఫరెన్సుల పేపర్లైతే సీవీఎఫ్ (కంప్యూటర్ విజన్ ఫౌండేషన్) సైట్‌లో ఒక కాపీ, ఐట్రిపుల్ఈ సైట్‌లో ఇంకో కాపీ ఉంటాయి, రెండూ రాయండి. బోరు పనే, కానీ ఇది వదిలేస్తే తర్వాత చేసేదంతా దండగ.

ఇప్పుడు ఆల్ట్‌మెట్రిక్. ఫ్రీగా దొరికే బుక్‌మార్క్‌లెట్‌ని (బుక్‌మార్క్‌లా ఉండే చిన్న బటన్) బ్రౌజర్‌లో పెట్టుకుని, ఆర్కైవ్ పేజీ మీద ఒకసారి, డీఓఐ పేజీ మీద ఒకసారి నొక్కండి. మధ్యలో కనిపించే స్కోరు మనుషుల సంఖ్య కాదు, వార్తకి 8, బ్లాగుకి 5 ఇలా బరువులు కట్టి తీసిన అంకె. అందుకే స్కోరు వదిలేసి లోపల ఏ రకం ప్రస్తావనలు ఎన్నున్నాయో విడివిడిగా రాసుకోండి. అసలు చిక్కు ఇంకోటుంది: ఇది ప్రధానంగా పేపర్ లింకు ఉన్న పోస్టుల్నే పట్టుకుంటుంది. విజన్ వాళ్లు షేర్ చేసేది డెమో వీడియో, లేదంటే గిట్‌హబ్ లింకు. పది వేల మంది చూసిన వీడియో కూడా ఇక్కడ సున్నాగా కనిపించొచ్చు.

అందుకని గిట్‌హబ్‌కి వెళ్లాలి. స్టార్లు (అక్కడి లైకుల్లాంటివి) చూడండి గానీ వాటికి మరీ విలువ ఇవ్వకండి, చాలామంది "తర్వాత చూద్దాం" అని నొక్కి మర్చిపోతారు, పైగా డబ్బులకి కొనే వాళ్లూ ఉన్నారు. ఏ స్టారు ఏ రోజు పడిందో గిట్‌హబ్ ఏపీఐ (ప్రోగ్రామ్‌తో డేటా తెచ్చుకునే దారి) ఇస్తుంది, గ్రాఫ్ గీసి చూస్తే ఒక్క రాత్రిలో నిట్టనిలువుగా లేచిన చోటు తెలిసిపోతుంది, ఆ రోజు ఏ డెమో వైరల్ అయిందో వెతకండి, ఏదీ దొరక్కపోతే అనుమానించండి. నా దృష్టిలో ఇష్యూలే (కోడ్ గురించి జనం అక్కడ రాసే ఫిర్యాదులు, ప్రశ్నలు) అసలు సరుకు. "నా వీడియోలో మొహం దొరకట్లేదు, ఎర్రర్ వస్తోంది" అని రాసినవాడు నిజంగా కోడ్ నడిపినవాడు. రెపో (గిట్‌హబ్‌లో కోడ్ ఉండే చోటు) మీ సొంతమైతే, ఎంతమంది వచ్చారో చెప్పే ట్రాఫిక్ పేజీ కూడా చూడండి, అది 14 రోజులవే చూపిస్తుంది కాబట్టి రెండు వారాలకోసారి దించుకోవాలి.

యూట్యూబ్, రెడిట్‌లలో ముద్దుపేరుతో వెతకండి. హగ్గింగ్ ఫేస్‌లో (ఏఐ మోడళ్లు పంచుకునే సైట్) పేపర్ పేజీ ఉంటే అప్‌వోట్లు, మోడల్ ఉంటే డౌన్‌లోడ్లు రాసుకోండి. పేపర్స్ విత్ కోడ్ అనే సైట్ చూడమని పాత గైడ్లలో ఉంటుంది, అది 2025లో మూతపడింది. ఆర్కైవ్‌లో ఒక్కో పేపర్‌కి ఎన్ని డౌన్‌లోడ్లో బయటికి చూపించరు, వెతుక్కుంటూ టైం వేస్ట్ చేసుకోకండి.

సైటేషన్లు (వేరే పేపర్లు మీ పేపర్‌ని ప్రస్తావించడం) వేరే కాలమ్‌లో పెట్టండి, అవి నెమ్మదిగా వస్తాయి. పోల్చాల్సి వస్తే అదే నెలలో ఆర్కైవ్ విజన్ విభాగంలోకి వచ్చిన పేపర్లతోనే పోల్చండి, అదీ కోడ్ ఇచ్చినవాటిని కోడ్ ఇచ్చినవాటితో. ప్రతి అంకె పక్కనా చూసిన తేదీ వేయండి, వచ్చే నెల ఇవే అంకెలు ఉండవు.