ఎత్తుమడిలో కూరగాయలు – 2వ పాఠం: మట్టి కలపడం, మడి నింపడం

పోయిన పాఠంలో 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తున ఇటుకలతో మడి కట్టుకున్నాం. ఇప్పుడు నింపాలి. ఇక్కడ పొరపాటు జరిగితే తర్వాత ఎన్ని కషాయాలు కొట్టినా సర్దుకోదు, అందుకే ఈ పాఠం నిదానంగా చదవండి.

ముందు మడి అడుగున నేలను పార లోతున తవ్వి గుల్ల చేయండి. తుంగ ఉంటే గడ్డలతో సహా ఏరేయాలి. పైన అట్టముక్కలు పరిచి వదిలేస్తే గరిక కొంత అణుగుతుందిగానీ, తుంగ మొలక అట్టను పొడుచుకుని పైకి వస్తుంది.

మడికి 32 ఘనపుటడుగుల మట్టి పడుతుంది. 20 లీటర్ల బకెట్‌తో కొలిస్తే సుమారు 45 బకెట్లు: ఎర్రమట్టి 23, బాగా చివికిన పశువుల ఎరువు 15, కొబ్బరిపొట్టు 7. కొబ్బరిపొట్టు 5 కిలోల దిమ్మలు రెండు సరిపోతాయి. నానబెట్టి, రెండు మూడుసార్లు నీళ్లు మార్చి పిండండి. అందులో ఉప్పు మిగిలితే లేత ఆకుల అంచులు మాడతాయి.

నల్లరేగడి తప్ప దొరకని చోట దాన్ని 15 బకెట్లకు తగ్గించి, మిగతాది ఎండుటాకుల కంపోస్టుతో పూడ్చండి. నాలుగైదు బకెట్ల ఇసుక వేస్తే రేగడి గుల్లబారుతుందని చాలామంది అనుకుంటారు. అంత కొద్ది ఇసుకతో గుల్లబారదు సరికదా, ఆరాక ఇంకా బిగుసుకుంటుంది.

అసలు జాగ్రత్త ఎరువు దగ్గర. పచ్చిపేడ మడిలో వేడెక్కి వేళ్లను మాడుస్తుంది, చెదలు పట్టిస్తుంది. చివికిన ఎరువు నల్లగా, పొడిపొడిగా ఉంటుంది. పేడ వాసన రాదు. కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టినా వెచ్చగా తగలదు. అయినా అనుమానంగా ఉంటే చిన్న కుండీలో సగం ఎరువు, సగం మట్టి వేసి ఇరవై మెంతులు చల్లండి. వారంలో పదిహేనైనా మొలిచి ఆకులు పచ్చగా ఉంటే వాడవచ్చు. మొలకలు వాడినా, కొసలు గోధుమరంగుకు తిరిగినా ఆ ఎరువును ఇంకో నెల తడిపి మాగబెట్టాలి. కలిపే ముందు పట్టాపై పలచగా పరవండి: అర్ధచంద్రంలా ముడుచుకున్న తెల్లటి లావుపాటి పురుగులు బయటపడతాయి. ఒక్కటీ వదలకుండా ఏరేయండి, అవి మడిలో చేరితే వేళ్లు కొరికే ప్రమాదం ఉంది.

ఒక బకెట్ ఎరువులో 100 గ్రాముల ట్రైకోడెర్మా విరిడె (మేలుచేసే శిలీంధ్రం ఉన్న పొడి) కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో తడి గోనెపట్టా కప్పి పది రోజులు ఉంచండి. నారుకుళ్లు తెచ్చే శిలీంధ్రాన్ని ఇది అదుపులో పెడుతుంది. ఎండలో పెడితే చస్తుంది.

అన్నీ పట్టాపై పోసి, ఒకటిన్నర కిలో వేపపిండి చల్లి, పారతో మూడుసార్లు తిరగేయండి. పిడికెడు తీసి నొక్కితే ముద్ద కావాలి, బొటనవేలితో తాకితే విడిపోవాలి. వేళ్ల సందుల్లోంచి నీరు కారితే తడి ఎక్కువైంది, పూట ఆరనిచ్చి నింపండి.

మడిని అంచుదాకా నింపి నీళ్లు పెట్టండి. వారంలో రెండు మూడు అంగుళాలు దిగుతుంది కాబట్టి ఇంకో ఎనిమిది నుంచి పదకొండు బకెట్ల మిశ్రమం విడిగా ఉంచుకోండి. కాలితో తొక్కి అణచవద్దు, నీళ్లే అణుస్తాయి. పైన రెండంగుళాల మందాన ఎండుగడ్డి కప్పండి.

రోహిణి కార్తెలో నింపితే మృగశిర నాటికి మడి సిద్ధంగా ఉంటుంది. ఈలోగా బెండ, గోరుచిక్కుడు, తోటకూర విత్తనాలు తెచ్చిపెట్టుకోండి. ఏది ఎంత ఎడంలో, ఎంత లోతున వేయాలో 3వ పాఠంలో.