ట్రాలీ కొత్త టైర్లు మడ్‌గార్డుకు రాసుకుంటుంటే: నా అనుభవం

మా ట్రాక్టర్ ట్రాలీకి 7.50-16 టైర్లు అరిగిపోతే 9.00-16 వేయించాను. ఖాళీగా బాగానే నడిచేది, వడ్ల బస్తాలతో గతుకులో పడగానే టైరు మడ్‌గార్డుకు రాసుకుని రబ్బరు కాలిన వాసన. గాలి పెంచాను, కమాన్‌కట్టకు (ఇరుసు మీద బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్ట) ఇంకో పట్టీ వేయించాను, మడ్‌గార్డు అంచు సుత్తితో వంచాను, దేనికీ తగ్గలేదు.

రెండూ 16 అంగుళాల రిమ్ముకే ఎక్కినా 9.00 టైరు పెద్దది, ఇరుసు నుంచి పైకి దాదాపు 4 సెంటీమీటర్లు ఎక్కువ. నేను కొలిచిందేమో ఖాళీ ట్రాలీ మీద! ఈసారి లోడు ఎక్కించి, చదును నేల మీద నిలిపి సందు కొలిస్తే రెండు వేళ్లు కూడా పట్టలేదు. లోడు దించి, టైర్లు విప్పేసి, మడ్‌గార్డు బ్రాకెట్లు కోయించి 8 సెంటీమీటర్లు పైకి జరిపాను. ముందు టాకాలు (అక్కడక్కడా చిన్న వెల్డింగ్ చుక్కలు) మాత్రమే వేయించి, టైర్లు ఎక్కించి, లోడుతో గట్టు ఎక్కించి చూశాకే టైర్లు మళ్లీ విప్పి పూర్తి వెల్డింగ్. చక్రాల నట్లు ఎదురెదురుగా బిగించండి, మొదటి ట్రిప్పు అయ్యాక ఇంకోసారి బిగించండి, దయచేసి ఇది మాత్రం మర్చిపోవద్దు.

మాది కమాన్‌కట్టల మీద నడిచే రెండు చక్రాల ట్రాలీ, మడ్‌గార్డుకు పైన, తొట్టి కింద చోటుంది కాబట్టి కుదిరింది. నాలుగు చక్రాల వాటికి ఈ 8 సెంటీమీటర్లే సరిపోతాయని చెప్పలేను, మీ లోడుతో మీరే కొలుచుకోండి.