అర్థమయ్యేలా చదివించడం: మూడు నుంచి అయిదో తరగతి వరకు తెలుగు బోధన

మూడో తరగతి పిల్లవాడు పాఠాన్ని తడుముకోకుండా చదివి, కింద ఇచ్చిన ప్రశ్నలన్నింటికీ సరైన జవాబులు రాసినంత మాత్రాన ఆ పాఠం అతనికి అర్థమైందని చెప్పలేము. నమ్మకం కలగకపోతే ఈ వాక్యం చూడండి: “ఒక డిమికి తలువలో జొబ్బను పుమిరింది.” ఇందులో ‘ఒక’ తప్ప మిగిలినవేవీ తెలుగు మాటలు కావు. అయినా డిమికి ఎక్కడ పుమిరింది అని అడిగితే ‘తలువలో’ అనీ, దేనిని పుమిరింది అని అడిగితే ‘జొబ్బను’ అనీ ఎవరైనా చెప్పగలరు. తెలుగులో విభక్తి ప్రత్యయాలు మాట చివరనే అంటిపెట్టుకొని ఉంటాయి కాబట్టి ‘ఎక్కడ’ అన్నప్పుడు ‘లో’ ఉన్న మాటనూ, ‘దేనిని’ అన్నప్పుడు ‘ను’ ఉన్న మాటనూ వెతికి పట్టుకుంటే జవాబు చేతికి వచ్చేస్తుంది. తరగతి గదిలో అవగాహన పేరుతో మనం అడిగే ప్రశ్నల్లో చాలా భాగం ఈ కోవలోవే. అందుకే బోధనను మార్చదలచిన ఉపాధ్యాయులు ముందుగా తమ ప్రశ్నలను మార్చుకోవాలి.

ఒక చిన్న పేరాతో ఆ పని ఎలా చేయవచ్చో చూద్దాం.

“ఆకాశం మబ్బు పట్టింది. నాయనమ్మ గబగబా మేడమీదికి వెళ్లింది. పాత చీర నాలుగు కొసలూ కూడదీసి పట్టుకొని కిందికి తెచ్చింది. ‘ఇంకొక్క ఎండ తగిలితే సరిపోయేది’ అని గొణుక్కుంది. ఆమె అటు తిరగగానే సీను ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. వెంటనే మొహం చిట్లించాడు.”

నాయనమ్మ ఎక్కడికి వెళ్లింది అన్నది సూటి ప్రశ్న. అది పనికిరానిదేమీ కాదు. అప్పుడప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్లలు మళ్లీ పేరాలోకి తొంగి చూడటానికి అలాంటివి ఒకటి రెండు ఉండాలి. అసలు ప్రశ్న ఆ తరువాతిది: చీరలో ఏమున్నాయి? పేరాలో ఆ మాట ఎక్కడా లేదు. ఒక అమ్మాయి ‘వడియాలు’ అంటుంది. అప్పుడు ‘కరెక్ట్’ అని ముందుకు సాగిపోకుండా “నీకెలా తెలిసింది?” అని అడగాలి. ఎండలో పెట్టారు, మేడమీద పెట్టారు, తినేవే అయి ఉండాలి, ఇంకా ఎండలేదు కాబట్టి రుచి బాగుండలేదు అని ఆ అమ్మాయి నాలుగు వాక్యాల్లోని సంగతులను కలిపి చెప్పగలిగితే, ఆమె చదివింది అర్థంతోనే అని మనకు తెలుస్తుంది. మరొక పిల్లవాడు ‘ఎండుమిరపకాయలు’ అనవచ్చు. మొహం చిట్లించాడన్న దానికి అది సరిపోతుంది గదా అని అతని వాదన. మరి సీను కావాలని మిరపకాయ తీసి నోట్లో వేసుకుంటాడా అని తరగతిని అడగండి. వాళ్లు వాదించుకోనివ్వండి. ‘బట్టలు’ అన్న జవాబు మాత్రం నోట్లో వేసుకున్నాడన్న మాట దగ్గరే వీగిపోతుంది. ఒకటికి మించిన జవాబులు చెల్లవచ్చు గానీ, ప్రతి జవాబుకూ పేరాలో ఆధారం చూపించాలి అన్న నియమం పిల్లలకు ఇలాంటి చర్చల్లోనే పట్టుబడుతుంది.

“ఎలా తెలిసింది?” అని తప్పు జవాబు వచ్చినప్పుడు మాత్రమే అడిగే అలవాటు మనలో చాలామందికి ఉంది. పిల్లలు దాన్ని వెంటనే పసిగడతారు. టీచరు అలా అడగగానే జవాబు మార్చేస్తారు. ఒప్పు జవాబుకు కూడా అదే గొంతుతో, అదే ముఖంతో అడగాలి. అడిగాక కాసేపు ఆగాలి. ముందు వరుసలో చేతులెత్తిన ఇద్దరికే అవకాశం ఇస్తూ పోతే మిగిలిన ముప్పైమంది ఆలోచించడం మానేస్తారు.

ఇక పదజాలం. పాఠం మొదలుపెట్టగానే కఠిన పదాలన్నీ బోర్డు మీద రాసి, ఎదురుగా అర్థాలు రాసి, నోటుపుస్తకాల్లో ఎక్కించడం మన బడుల్లో పాతుకుపోయిన పద్ధతి. దీనివల్ల పిల్లల చేతిరాత కొంత బాగుపడవచ్చేమో గానీ పదాలు మాత్రం రావు. ఒక కారణం, పది పన్నెండు పదాలను ఒక్క పీరియడులో ఏ పిల్లలూ నిలుపుకోలేరు. రెండోది మరింత ముఖ్యమైనది: మనం ఇచ్చే అర్థాలు చాలాసార్లు అసలు పదం కంటే కష్టంగా ఉంటాయి. ‘తటపటాయించు’ అనే మాట తెలియని పిల్లవాడికి ‘సంకోచించు’ అనే మాట తెలుస్తుందా?

పేరాకు మూడు నాలుగు మాటలు చాలు. వాటిని ఎంచుకునేటప్పుడు, ఇతర పాఠాల్లో కూడా తరచూ ఎదురయ్యే మాటలకు, పిల్లలకు అనుభవంలో ఉన్నా పేరు తెలియని విషయాలను చెప్పే మాటలకు ముందు చోటివ్వాలి. పై పేరాలో నేనైతే కొస, గొణుక్కుంది, చిట్లించాడు అనే మూడింటిని తీసుకుంటాను. పల్లకీ, రోకలి వంటి వస్తువుల పేర్లకు బొమ్మ చూపిస్తే సరిపోతుంది. వాటి మీద పీరియడు ఖర్చు చేయనక్కరలేదు. ఏ కఠిన పదాల జాబితాలోనూ కనిపించని కొన్ని చిన్న మాటలు మాత్రం అర్థాన్ని తలకిందులు చేయగలవు: తప్ప, కాబట్టి, అయినప్పటికీ, లేకపోతే, అంతలో. “రాము తప్ప అందరూ వచ్చారు” అని బోర్డు మీద రాసి, రాము వచ్చాడా అని అడిగి చూడండి. వచ్చే జవాబులను బట్టి ఆ వారం ఏం బోధించాలో మీకే తెలుస్తుంది.

మాటను చెప్పేటప్పుడు పర్యాయపదంతో కాకుండా సందర్భంతో మొదలుపెట్టాలి. “కాలువ దూకుదామని వచ్చావు, దూకాలా వద్దా అని గట్టుమీదే నిలబడిపోయావు. అలా వెనకాముందూ ఆడటమే తటపటాయించడం.” తరువాత అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్నలు వేయాలి: ఆకలిగా ఉన్న పిల్లి పాలగిన్నెను చూసి తటపటాయిస్తుందా? కొత్త బడిలో మొదటిరోజు లోపలికి రావడానికి తటపటాయిస్తామా? ఆ పైన పిల్లల వంతు. వాళ్లు ఎప్పుడు తటపటాయించారో ఒక్కొక్కరు చెప్పాలి. ఇక్కడితో ఆపితే మాట రెండు రోజుల్లో జారిపోతుంది. మర్నాడూ, ఆ వారం చివరా, పై నెలలోనూ మీ మాటల్లో అది దొర్లాలి: “బోర్డు దగ్గరికి రావడానికి ఎవరు తటపటాయిస్తున్నారు?” గోడమీద చార్టులో పదం ఉండటం మంచిదే గానీ, ఎవరూ పలకని చార్టు అలంకారమే.

తెలుగు చదవడంలో ఎదురయ్యే ఒక చిక్కు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మన మాటలు ఒకదానితో ఒకటి కలిసిపోయి పొడవుగా తయారవుతాయి. ‘చెప్పాలనుకున్నాడు’, ‘వాళ్లందరికీ’, ‘వెళ్లిపోయాడట’ వంటివి అక్షరాలన్నీ వచ్చిన పిల్లలను కూడా ఆపేస్తాయి. అక్కడ సంధి పేరు చెప్పనవసరం లేదు. చెప్పాలి, అనుకున్నాడు అని విడదీసి చూపించి, మళ్లీ కలిపి చదివించాలి. పొడవైన మాటను పెన్సిలు గీతతో ముక్కలు చేసే ఆట నాలుగో తరగతిలో బాగా సాగుతుంది. అలాగే ఒకే చివర ఉన్న మాటలను కుటుంబంగా చూపవచ్చు: పాఠశాల, గోశాల, వ్యాయామశాల. ఆపైన ‘పాకశాల’ అంటే ఏమిటో ఊహించమంటే, ఇంట్లో అరిసెల పాకం చూసిన పిల్లలు వంటగది దాకా వచ్చేస్తారు. నిఘంటువు చూపించకముందే ఊహించే ధైర్యం రావడం ఈ వయసులో పెద్ద లాభం.

పుస్తకంలో ‘బంగాళాదుంప’ ఉంటే తెలంగాణ పిల్లవాడు ‘ఆలుగడ్డ’ అంటాడు, రాయలసీమ పిల్లవాడు ‘ఉర్లగడ్డ’ అంటాడు. దాన్ని తప్పుగా దిద్దకూడదు. మూడు మాటలనూ పక్కపక్కనే బోర్డు మీద రాస్తే పిల్లలకు మాట పోదు, మాటలు పెరుగుతాయి. గోండి, కోయ, లంబాడీ ఇంటిభాషగా ఉన్న పిల్లలు కథను ముందు తమ భాషలో తోటివారితో చెప్పుకోనివ్వాలి. కథ తెలిసి తెలుగు మాట తెలియకపోవడం వేరు, కథే తెలియకపోవడం వేరు. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు.

ఇలాంటి తేడానే పట్టించే తేలికైన పరీక్ష ఇంకొకటి ఉంది. చదివి జవాబు చెప్పలేని పిల్లవాడికి అదే పేరాను మీరు చదివి వినిపించి, అవే ప్రశ్నలు అడగండి. ఇప్పుడు చెప్పగలిగితే లోపం ఒత్తులు, గుణింతాలు పట్టుకోవడంలో ఉంది. అతనికి అక్షరాల మీద సాధన కావాలి. విన్నా చెప్పలేకపోతే మాటలూ, నేపథ్యమూ కావాలి. మళ్లీ వర్ణమాల దిద్దించడం వల్ల ప్రయోజనం లేదు. అక్షరాలు ఇంకా రానివారిని కథాచర్చకు దూరంగా కూర్చోబెట్టడం మాత్రం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. రోజూ ఓ పది నిమిషాలు కథ చదివి వినిపిస్తే, చదవలేని పిల్లలు కూడా అర్థం చేసుకోవడంలో ఎవరికీ తీసిపోరు.

వేగం సంగతి క్లుప్తంగా. 2021 జులై 5న కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం, మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు కొత్త పాఠాన్ని అర్థం చేసుకుంటూ నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలని లక్ష్యం పెట్టింది. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా ఇదే పునాది నైపుణ్యాల కోసం వచ్చినదే. అయితే ‘వెళ్లలేకపోయినందువల్ల’ అనేది మనకు ఒక్క పదం. అందువల్ల ఆ అంకెను సూచనగా తీసుకోవచ్చు గానీ, దానికోసం పిల్లలను పరుగెత్తించకూడదు. స్టాప్‌వాచ్ ఆపిన వెంటనే “ఏం జరిగింది?” అని అడగని వేగపరీక్ష నా దృష్టిలో వృథా. ధారాళత పెరగాలంటే ఒకే పేరాను టీచరు ఒకసారి భావయుక్తంగా చదివి, తరగతి అంతా కలిసి ఒకసారి చదివి, జంటలుగా మరోసారి చదవడం మంచి మార్గం.

యూనిట్ పరీక్షలో పాఠ్యపుస్తకంలోని పేరానే ఇస్తే జ్ఞాపకశక్తి తప్ప మరేదీ తేలదు. కొత్తగా ఆరేడు వాక్యాల పేరా మీరే రాయండి. సూటి ప్రశ్న ఒకటి, ఊహించి చెప్పేవి రెండు, ఒక మాట బదులు మరొకటి ఉంటే అర్థం ఎలా మారుతుందో అడిగేది ఒకటి చాలు. మన పేరాలో అయితే, ‘గొణుక్కుంది’కి బదులు ‘అరిచింది’ అని ఉంటే నాయనమ్మ గురించి ఏమనుకుంటావు అన్నట్టు. సొంత మాటల్లో రాసిన జవాబులో అక్షరదోషాలున్నా అవగాహన మార్కులు పూర్తిగా ఇచ్చి, దోషాలను విడిగా దిద్దండి. పేరాలోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసిన జవాబుకు మాత్రం, ఆ పిల్లవాణ్ణి దగ్గరికి పిలిచి నోటితో ఒకసారి చెప్పించాకే మార్కులు వేయండి.