దర్జీ ముక్కలతో కొరియా జోగక్‌బో కుట్టే విధానం

వస్తువులను చుట్టడానికి, కప్పడానికి కొరియావారు వాడే చదరపు గుడ్డను బోజాగి అంటారు. జోసొన్ రాజవంశ కాలంలో (1392–1910) బట్టలు కుట్టగా మిగిలిన ముక్కలను పారవేయక, ఇంటి ఆడవారు వాటిని అతికి కుట్టిన బోజాగియే జోగక్‌బో. 'జోగక్' అంటే ముక్క. మన బొంతకు ఇది దూరపు చుట్టమే గాని, బొంతలో అతుకుల వెనుక వైపు పొరల మధ్య దాగిపోతుంది, ఒంటిపొర జోగక్‌బోలో ఆ చాటు లేదు. కనుక పనితనమంతా అతుకులోనే ఉంటుంది.

వేసవి జోగక్‌బోకు అక్కడ మోసి అనే నారబట్టను వాడతారు. హాన్‌సాన్ ప్రాంతపు మోసి నేతకు 2011లో యునెస్కో జాబితాలో చోటు దక్కింది. విజయవాడలో దాని కోసం తిరగనక్కర లేదు. ఊళ్లోని బట్టల మార్కెట్ వస్త్రలతలో దొరికే ఆర్గండీ, మీ దర్జీ దగ్గర మిగిలే పలుచని మంగళగిరి నూలు ముక్కలు చాలు, గంజి మాత్రం గట్టిగా పెట్టాలి. మొదట్లో నేను జార్జెట్ ముక్కలతో చేతులు కాల్చుకున్నాను. వాటి మీద ఇస్త్రీ మడత నిలవదు.

రెండు ముక్కలను మంచి వైపులు లోపలికి ఉండేలా ఒకదానిపై ఒకటి పరచి, కింది ముక్క అంచు పావు అంగుళం బయటికి కనబడేలా జరపండి. పై ముక్క అంచుకు పావు అంగుళం లోపలగా సన్నని కుట్టు వేశాక, బయటికి ఉన్న అంచును పై ముక్క అంచు మీదికి మడిచి, ముక్కలను విప్పి పరచి, ఆ మడతను పై ముక్క వైపుకు వాల్చి ఇస్త్రీ చేసి, హెమ్మింగ్ కుట్టుతో అణచివేయండి. అప్పుడు ఏ వైపునా పోగు బయటపడదు. ఎండకు ఎదురుగా పట్టుకుంటే, నాలుగు పొరలైన ఆ అతుకు మాత్రం పెన్సిలు గీతలా ముదురుగా కనబడుతుంది.

ముందుగా గళ్లు గీసుకోకండి. అతికిన జత అంచును తిన్నగా కత్తిరించి, ఆ పొడవంతటికీ మరో ముక్కను చేరుస్తూ పెంచండి. నాలుగు అతుకులు ఒకేచోట కలిస్తే సూది దిగదు.

ఈ సంప్రదాయం ఇళ్లకే పరిమితం కాలేదు. కొరియా కళాకారిణి కిమ్‌సూజా 1997లో పాత దుప్పట్లతో కట్టిన మూటలను లారీకెత్తి, 11 రోజులపాటు 2,727 కిలోమీటర్లు తిరిగారు. అలాంటి మూటను అక్కడ బొత్తారి అంటారు.

మీ మొదటి గుడ్డ ఇరవై అంగుళాల చదరం దాటనక్కర లేదు. కిటికీకి కడితే అందం. అరిసెల డబ్బాకు చుట్టదలిస్తే మాత్రం, ముందు డబ్బాకు అంటిన నూనె తుడిచి, ఎదురెదురు మూలలను జతలుగా ముడివేయండి.