పట్టుకున్న మనిషి ఊపిరి మన బాధ్యత: కొత్తగా డ్యూటీలో చేరిన కానిస్టేబుళ్లకు

బేడీలు పడ్డ మరుక్షణం మనిషిని పక్కకు తిప్పండి, లేదా లేపి కూర్చోబెట్టండి. మిగతాదంతా చదివే ఓపిక లేకపోతే ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి చాలు.

నేను హైదరాబాద్ సిటీలో కానిస్టేబుల్‌గా చేరి ఏఎస్‌ఐగా రిటైరయ్యాను. కొన్నేళ్లు పాతబస్తీలో, కొన్నేళ్లు ఎర్రగడ్డ, బోరబండ వైపు చేశాను. ఎక్కువగా నైట్ డ్యూటీలు, పెట్రోలింగ్. ఇప్పుడు బ్లూ కోల్ట్స్ గస్తీ బండి మీద తిరిగే పిల్లలు, హోంగార్డులు కనిపించినప్పుడల్లా ఒకటే అడుగుతారు: "సార్, తిరగబడేటోణ్ని ఎట్ల పట్టుకోవాలె? రేపు వాడికేమన్నా అయితే మా ఉద్యోగాలు ఉంటాయా?" ఉద్యోగం సంగతి తర్వాత, ముందు వాడి ప్రాణం సంగతి చూద్దాం తమ్ముడూ అంటాను. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

బోర్లా పడుకోబెడితే లోపల జరిగేది

ఊపిరి లోపలికి వెళ్లాలంటే పక్కటెముకలు పైకి లేవాలి, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉన్న కండరం కిందికి దిగాలి. మనిషి బోర్లా ఉండి, వీపు మీద మోకాలో, ఇద్దరి బరువో ఉంటే ఈ రెండూ సరిగ్గా జరగవు. పొట్ట పెద్దగా ఉన్నవాళ్లకు ఇంకా కష్టం, ఆ పొట్టే లోపలి నుంచి పైకి నొక్కుతుంది. దానికి తోడు అతను అంతసేపూ పరుగెత్తి, కలబడి ఉంటాడు. ఒళ్లంతా అలసి రక్తంలో ఆమ్లం పెరిగిపోతుంది. దాన్ని బయటికి పంపడానికి శరీరానికి ఉన్న దారి వేగంగా, లోతుగా ఊపిరి తీయడమే. సరిగ్గా అప్పుడే ఆ దారిని మనం మూసేస్తున్నాం.

ఊపిరి అందని మనిషి గింజుకుంటాడు. గాలి కోసం ఛాతీ పైకి లేపాలని చూస్తాడు. పైనున్న మనకు అది తిరగబడటంలా అనిపిస్తుంది, ఇంకా గట్టిగా నొక్కుతాం. కాసేపటికి అతను మెత్తబడతాడు. "లొంగిండు" అనుకుంటాం. చాలా ప్రాణాలు పోయింది ఈ రెండు పొరపాటు అంచనాల మధ్యే. గింజుకునేవాడు ఉన్నట్టుండి సద్దుమణిగితే ముందు ఊపిరి చూడాలి. ఊపిరి ఉందని తేలాకే మిగతావి.

"మాట్లాడుతున్నాడు కదా, ఊపిరి ఆడకపోతే మాటెలా వస్తుంది?" అని చాలామంది వాదిస్తారు. ఇది పూర్తిగా తప్పు. నాలుగు మాటలు బయటికి రావడానికి కొద్దిపాటి గాలి చాలు, గుండె ఆడటానికి అది చాలదు. ఊపిరాడటం లేదని తెలుగులో చెప్పినా, "దమ్ ఘుట్‌రా" అని అరిచినా, ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చిన కూలీ మనకు అర్థంకాని భాషలో మొరపెట్టుకున్నా, నటిస్తున్నాడో లేదో తేల్చే పని మనది కాదు. బరువు తీసేయడం మన పని.

2020 మే 25న అమెరికాలోని మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద ఒక పోలీసు 9 నిమిషాల 29 సెకన్లు మోకాలు పెట్టి ఉంచిన సంగతి అందరికీ తెలుసు. అక్కడున్న జూనియర్ ఒకరు "పక్కకు తిప్పుదామా?" అని అడిగిన సంగతి చాలామందికి తెలియదు. సీనియర్ వద్దన్నాడు, జూనియర్ ఊరుకున్నాడు. తర్వాత నాడి దొరకడం లేదని తెలిసినా మోకాలు లేవలేదు. మోకాలు పెట్టినవాడితో పాటు మిగతా ముగ్గురికీ శిక్షలు పడ్డాయి, అడిగి ఊరుకున్నవాడితో సహా. బేడీలు వేయగానే బోర్లా ఉన్న మనిషిని తిప్పాలని అదే దేశపు న్యాయశాఖ 1995లోనే పోలీసులకు రాతపూర్వకంగా చెప్పింది. తెలిసిన సంగతే అది, అమలుచేసే మనిషి కరువయ్యాడు. అందుకే కొత్తవాళ్లకు గట్టిగా చెప్తున్నాను: పక్కన ఎస్‌ఐ ఉన్నా ఇన్‌స్పెక్టర్ ఉన్నా "సార్, తిప్పుతున్నా" అనండి, తిప్పేయండి. అనుమతి అడగకండి.

పట్టుకోవడానికి ముందు

అతని చేతిలో కత్తి లేదు, ఎవరి మీదా పడటం లేదు అంటే తొందర దేనికి? ఇద్దరే ఉంటే బ్యాకప్ వచ్చేదాకా మాట్లాడుతూ ఉండండి. ఒక్కరే మాట్లాడాలి. నలుగురు నాలుగు వైపుల నుంచి "కూర్చో", "చేతులెత్తు", "ఇటు రా" అని అరిస్తే మామూలు మనిషికే దిమ్మతిరుగుతుంది. చుట్టూ ఫోన్లు పట్టుకుని వీడియోలు తీసే జనాన్ని వెనక్కి జరిపించండి, సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

బోరబండ వైపు ఒక ఇంట్లో ఇలాగే జరిగింది. కొడుకు రెండు వారాలుగా మందులు వేసుకోవడం లేదని, గదిలో తలుపు వేసుకుని సామాన్లు పగలగొడుతున్నాడని తల్లి ఫోన్ చేసింది. మాతో వచ్చిన మహిళా కానిస్టేబుల్ తలుపు దగ్గరికి వెళ్లకుండా ముందు తల్లిని అడిగింది: పేరేంటి, ఎప్పుడు తిన్నాడు, ఎవరి మాట వింటాడు, దేనికి భయపడతాడు. యూనిఫాం చూస్తే భయపడతాడని తెలిసి మమ్మల్ని కిందికి పంపింది. తను మెట్ల మీద కూర్చుని, "తమ్మీ, అమ్మ పప్పన్నం కలిపింది, తింటవా?" అని చాలాసేపు మాట్లాడింది. ఆ పిల్లవాడు తనంతట తానే బయటికొచ్చాడు. తల్లి పక్కన కూర్చుని ఆటోలో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వచ్చాడు. ఆ రోజు బేడీల అవసరమే రాలేదు. నా సర్వీసులో నేను చూసిన గొప్ప పోలీసు పనుల్లో అదొకటి.

మానసిక అనారోగ్యం ఉన్నట్టు అనిపిస్తే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా ఉంది. తనను తాను చూసుకోలేక తిరుగుతున్న మనిషిని, తనకో ఇతరులకో ప్రమాదం తెచ్చుకునేలా ఉన్న మనిషిని రక్షణలోకి తీసుకునే అధికారం మనకుంది. కానీ వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లో 24 గంటలు దాటకుండా, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. "పొద్దున చూద్దాంలే, రాత్రికి లోపల ఉండనీ" అనడానికి వీల్లేదు. ఇంట్లోవాళ్లకు 14416 నంబర్ కూడా ఇవ్వండి. అది టెలి మానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఎప్పుడు చేసినా పలుకుతారు.

తాగాడనుకునే ముందు

మన ఊళ్లో ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కల్లు కాంపౌండ్లలో అమ్మే కల్తీ కల్లులో ఆల్ప్రజోలం లాంటి మత్తుమందు కలుపుతారు. ఏళ్ల తరబడి తాగినవాడికి అది ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి. దుకాణాలు మూయించినప్పుడల్లా ఇలాంటివాళ్లు ఎర్రగడ్డకు వరుస కడతారు. రోడ్డు మీద చూస్తే తాగి ఊగుతున్నట్టే ఉంటుంది. నిజానికి అతను తాగకపోవడం వల్ల అలా ఉన్నాడు. ప్రాణం పోగల పరిస్థితి అది.

షుగర్ పడిపోయినవాడూ అంతే. చెమటలు పడతాయి, మాట తడబడుతుంది, తిడతాడు, చెయ్యి విసురుతాడు. తలకు దెబ్బ తగిలినవాడు కూడా తాగినవాడిలాగే తూలుతాడు. వాసన వచ్చినంత మాత్రాన తాగుడు ఒక్కటే కారణమని అనుకోకండి, తాగినవాడు కూడా కిందపడి తల పగలగొట్టుకోవచ్చు. జేబులో మందుల చీటీ ఉందేమో చూడండి. అనుమానం వస్తే స్టేషన్‌కు కాదు, 108కి ఫోన్ చేసి క్యాజువాలిటీకి.

జనం పట్టుకుని కొట్టి అప్పగించిన దొంగ విషయం కూడా ఇదే. బస్తీలో పదిమంది కొట్టాక మన చేతికిస్తారు. పైకి ఏ గాయమూ కనిపించకపోవచ్చు, లోపల ప్లీహం చితికి రక్తం కారుతూ ఉండొచ్చు. ముందు ఉస్మానియాకో గాంధీకో తీసుకెళ్లండి. ఎఫ్‌ఐఆర్ ఆ తర్వాత రాసుకోవచ్చు.

పట్టుకోక తప్పనప్పుడు

నలుగురుంటే మంచిది. చేతులను మోచేతి దగ్గర, భుజం దగ్గర, కాళ్లను తొడల దగ్గర అదుపు చేయండి. మెడ, గొంతు, ఛాతీ, వీపు, పొట్ట: వీటి మీద ఎవరి బరువూ పడకూడదు. ఐదో మనిషి దొరికితే అతన్ని తల దగ్గర కూర్చోబెట్టండి, దొరక్కపోతే నలుగురిలో ఒకరికి ఆ పని అప్పగించండి. అతనికి ఇంకే పనీ వద్దు. ముఖం చూస్తూ ఉండాలి, పేరు పెట్టి పిలుస్తూ ఉండాలి, ఊపిరి వింటూ ఉండాలి. పెదాలు, గోళ్లు నీలంగా మారుతున్నాయా, గురక లాంటి శబ్దం వస్తోందా, మాట ఆగిపోయిందా? తల దగ్గరున్నవాడు "వదలండి" అంటే అందరూ వదలాలి. ర్యాంకు ఎంతైనా సరే.

ఎండాకాలం మధ్యాహ్నం తారు రోడ్డు మీద మనిషిని పడుకోబెట్టకండి. చర్మం కాలిపోతుంది. అప్పటికే ఒళ్లు వేడెక్కి ఉన్న మనిషికి వడదెబ్బ కూడా తోడవుతుంది. ఐదడుగులు పక్కకు లాగితే నీడ దొరుకుతుంది.

బేడీలు వేశాక మణికట్టుకూ బేడీకీ మధ్య వేలి కొస దూరుతుందా చూడండి. డబుల్ లాక్ వేయండి, లేకపోతే కదిలినకొద్దీ బిగుసుకుంటుంది. బొటనవేలి వెనక తిమ్మిరి అని చెప్తే నరం నొక్కుకుపోతోందని అర్థం, వదులు చేయండి. చేతుల్నీ కాళ్లనూ వెనక్కి విరిచి కలిపి తాడుతో కట్టడం మాత్రం ఎన్నటికీ వద్దు. ఇన్నోవా ఎక్కించేటప్పుడు సీట్ల మధ్య కింద పడేయకండి. సీటులో నిటారుగా కూర్చోబెట్టి, పక్కన ఒకరు కూర్చోండి.

అసలు బేడీలు వేయొచ్చా అన్నది ముందే ఆలోచించుకోండి. 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ బేడీలు మామూలు అలవాటు కాకూడదన్నారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్ హత్య, అత్యాచారం, ఉగ్రవాదం వంటి నేరాలకు, పదేపదే నేరం చేసేవాళ్లకు, కస్టడీ నుంచి పారిపోయినవాళ్లకు బేడీలు వేయనిస్తుంది. అది కూడా నేరం తీవ్రత చూసి. 46వ సెక్షన్ పారిపోకుండా ఆపడానికి అవసరమైనంత కన్నా ఎక్కువ నిర్బంధం వద్దంటుంది. 56వ సెక్షన్ మరీ ముఖ్యం: కస్టడీలో ఉన్నవాడి ఆరోగ్యం, భద్రత చూసుకోవడం పట్టుకున్నవాడి విధి. మనం దయతలచి చేసే పని కాదది, చట్టం మన మీద పెట్టిన బరువు.

ఊపిరి ఆగితే

బేడీలు తీసేయండి, వెల్లకిలా పడుకోబెట్టండి. ఒకరు 108కి ఫోన్, ఒకరు ఛాతీ మధ్యలో నొక్కడం. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతు. అలసిపోతే చేతులు మారండి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకండి. 2023 ఫిబ్రవరిలో ఆరాంఘర్ చౌరస్తాలో రోడ్డు మీద కూలిపోయిన మనిషిని ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ ఇలాగే బతికించాడు. దారిన పోయే మనిషికి చేయగలిగినవాళ్లం మన చేతిలో ఉన్న మనిషికి చేయలేమా?

స్టేషన్‌కు తెచ్చాక

అదే నాగరిక్ సురక్షా సంహిత 53వ సెక్షన్ ప్రకారం వైద్య పరీక్ష చేయించండి. ఒంటి మీద గాయాలు, అరెస్టుకు ముందువైనా సరే, రాసి అతని సంతకం, మన సంతకం తీసుకోవాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్‌లోనే చెప్పింది. తీసుకుంటే అతనికీ మనకీ మేలు.

లాకప్‌లో తాగి పడుకున్నవాడు గురక పెడుతుంటే సెంట్రీలు నిశ్చింతగా ఉంటారు. నేనుండనివ్వను. అరగంటకోసారి లేపండి. పేరు అడగండి, సమాధానం రావాలి. లేపితే లేవనివాడు నిద్రలో లేడు, ఆసుపత్రికి తీసుకెళ్లాల్సినవాడు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతుకు అడ్డం పడకుండా. బెల్టు, నాడా, తువ్వాలు తీసేయండి, కానీ సిగ్గుపోయేలా వదిలేయకండి, కప్పుకోవడానికేదైనా ఇవ్వండి.

జనరల్ డైరీలో "నిందితుడు సహకరించలేదు, తగిన బలం వాడాము" అని రాయకండి. ఆ వాక్యం ఎవరికీ ఏమీ చెప్పదు. ఎవరు ఎక్కడ పట్టుకున్నారు, ఎన్ని గంటలకు కింద పడుకోబెట్టారు, ఎన్ని గంటలకు తిప్పారు, అతను ఏమన్నాడు, ఎప్పుడు డాక్టర్ చూశారు, అన్నీ టైముతో రాయండి. "ఊపిరాడటం లేదన్నాడు" అని రాయాల్సి వస్తే అలాగే రాయండి, దాని పక్కనే మీరేం చేశారో కూడా.

ఆ తర్వాత ఇంటివాళ్లకు ఫోన్. ఇది 48వ సెక్షన్ కింద తప్పనిసరి, ఎవరితోనో చెప్పించకుండా మీరే చేయండి. ఏ స్టేషన్, ఏ ఆసుపత్రి, ఏ వార్డు అన్నది స్పష్టంగా చెప్పండి. రోజూ వేసుకునే మందులుంటే చీటీతో సహా తెమ్మనండి.