ఊనోతో మోటారు నడపడం: పీడబ్ల్యూఎం సమస్యలు - పరిష్కారాలు

ఆర్డుయినో ఊనో, ఎల్298ఎన్ డ్రైవర్ బోర్డు, మామూలు డీసీ మోటారు కలిపినప్పుడు తరచుగా ఎదురయ్యే ఇబ్బందులివి. పీడబ్ల్యూఎం అంటే పిన్నును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ మోటారు వేగం మార్చే పద్ధతి; ఒక్కో ఆవృతంలో ఆన్‌లో ఉండే శాతమే డ్యూటీ. ప్రోగ్రాం తిరగరాసే ముందు మల్టీమీటరు తీయండి. అనలాగ్‌రైట్‌కు (0 నుంచి 255 వరకు విలువతో డ్యూటీని పెట్టే ఫంక్షన్) 128 ఇచ్చి, పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య డీసీ వోల్టేజీ చూడండి. దాదాపు 2.5 వోల్టులు చూపిస్తే చిప్పులో లోపం లేదు, తర్వాతి భాగం వెతకండి.

సమస్య: వేగం తగ్గదు, తిరిగితే పూర్తి వేగం, లేకపోతే లేదు

డ్రైవర్ బోర్డు మీద ఈఎన్ఏ (మోటారును ఆన్, ఆఫ్ చేసే పిన్ను) దగ్గరి జంపర్, అంటే పిన్నులను కలిపే చిన్న తొడుగు, తీశారా? అది ఉన్నంతసేపు ఆ పిన్నుకు 5 వోల్టులు అందుతూనే ఉంటాయి. జంపర్ తీసి, పీడబ్ల్యూఎం వైరు అక్కడ పెట్టండి.

127 వరకు కదలకుండా 128కి ఒక్కసారిగా పరుగందుకుంటే, పిన్ను తప్పు. ఊనోలో 3, 5, 6, 9, 10, 11 పిన్నులకే పీడబ్ల్యూఎం ఉంది. అదే ప్రోగ్రాంలో సర్వో లైబ్రరీ ఉంటే 9, 10 కూడా పోయినట్టే, 3కు మారండి.

సమస్య: మోటారు సన్నగా కూస్తుంది

9వ పిన్ను మీద ఫ్రీక్వెన్సీ 490 హెర్ట్జ్. 5, 6 మీదికి మారితే 980, అదీ చెవికి వినిపించేదే. 20 కిలోహెర్ట్జ్‌కు పెంచితే కూత పోతుంది. టైమర్1ను (9, 10 పిన్నుల పీడబ్ల్యూఎంను నడిపే, చిప్పులోని లెక్కింపు భాగం) ఫేజ్ కరెక్ట్ మోడ్ 10లో పెట్టి, ప్రీస్కేలర్ (గడియారం వేగాన్ని తగ్గించే భాగహారం) లేకుండా, లెక్క ఎంతవరకు వెళ్లాలో చెప్పే ఐసీఆర్1 రిజిస్టర్‌లో 400 వేయండి. ఈ మోడ్‌లో లెక్క 400 వరకు పైకి వెళ్లి మళ్లీ కిందికి వస్తుంది కాబట్టి: 1,60,00,000ను 800తో భాగిస్తే 20,000. చాలామంది ప్రీస్కేలర్ ఒక్కటే మార్చి 31 కిలోహెర్ట్జ్ దగ్గర నడుపుతారు. ఎల్298 డేటాషీట్ సాధారణ విలువగా చెప్పేది 25, గరిష్ఠం 40. పైకి వెళ్లేకొద్దీ చిప్పు వేడెక్కుతుంది కాబట్టి నా ఓటు 20కే.

ఇక్కడే ఒక వింత. ఈ మార్పు తర్వాత కూడా అనలాగ్‌రైట్ వాడితే, 254 ఇచ్చినా డ్యూటీ 64 శాతం దాటదు. 255 ఇవ్వగానే పూర్తి వేగానికి ఎగురుతుంది. 255 వస్తే ఆ ఫంక్షన్ టైమర్‌ను పక్కనపెట్టి పిన్నును నేరుగా హై చేస్తుంది మరి. అందుకే 9వ పిన్ను డ్యూటీని నిర్ణయించే ఓసీఆర్1ఏ రిజిస్టర్‌లో 0 నుంచి 400 వరకు విలువలు మీరే రాయండి. టైమర్0 జోలికి మాత్రం వెళ్లవద్దు, సమయం లెక్కించే మిల్లీస్, డిలే ఫంక్షన్ల లెక్కలు తప్పుతాయి.

సమస్య: తక్కువ డ్యూటీలో గుంయ్‌మంటుంది గాని కదలదు

ఎల్298 1 ఆంపియరు దగ్గరే 1.8 నుంచి 3.2 వోల్టుల దాకా తినేస్తుంది. 6 వోల్టుల బ్యాటరీతో మోటారుకు మిగిలేది తక్కువ. సరఫరా ఆ మేరకు పెంచండి. బయలుదేరేటప్పుడు క్షణంపాటు పూర్తి డ్యూటీ ఇచ్చి తర్వాత తగ్గించండి. 490 దగ్గర కదిలిన మోటారు 20 కిలోహెర్ట్జ్ దగ్గర అదే డ్యూటీకి మొరాయించవచ్చు, కనీస విలువ మళ్లీ చూసుకోవాలి.

సమస్య: మోటారు కదలగానే ఊనో రీసెట్ అవుతుంది

మోటారుకు వేరే సరఫరా పెట్టండి, గ్రౌండ్‌లు మాత్రం కలిపే ఉంచండి. చదరపు 9 వోల్టుల బ్యాటరీ ఈ పనికి చాలదు. అయినా ఆగకపోతే మోటారు టెర్మినల్స్ మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ టంకం వేయండి.