ఏడు చేపల కథతో ఇంగ్లీషు మొదలుపెట్టండి

రెండు, మూడు తరగతుల పిల్లలకు ఇంగ్లీషులో కథ చెప్పాలనుకుంటే కొత్త కథ కోసం వెతక్కండి. తెలుగులో వాళ్ల నోటికొచ్చిన కథే తీసుకోండి. ఏం జరగబోతుందో ముందే తెలుసు కాబట్టి అర్థం కాలేదన్న టెన్షన్ ఉండదు, చెవి మొత్తం మాటల మీదే పెడతారు.

నేనైతే ఏడు చేపల కథతో మొదలుపెడతాను. మా నెల్లూరు తీరంలో మైపాడు, జువ్వలదిన్నె వైపు పిల్లలకు ఇసుకలో చేపలు ఎండబెట్టడం ఇంటి పని, చేప ఎందుకు ఎండలేదన్నది వాళ్లకు నిజమైన ప్రశ్న. పైగా ఆ కథలో ప్రతి ఒక్కరినీ ఒకే తీరుగా అడుగుతాం. 'ఫిష్, ఫిష్, వై డిడెంట్ యూ డ్రై?', 'కౌ, కౌ, వై డిడెంట్ యూ ఈట్?' అని. పాప, చీమ దగ్గరికి వచ్చేసరికి 'బేబీ, బేబీ, వై డిడ్ యూ క్రై?', 'యాంట్, యాంట్, వై డిడ్ యూ బైట్?' అవుతుంది. ఎందుకు చేయలేదు, ఎందుకు చేశావు అనే తేడా గ్రామర్ పేరెత్తకుండానే నోటికి పట్టేస్తుంది.

మొదటి రోజు కథంతా తెలుగులోనే, చేతులతో చూపిస్తూ చెప్పండి. చాచిన అరచెయ్యి చేప, తల మీద చేతులు గోపురంలా పెడితే గడ్డిమేటు, రెండు వేళ్లు కొమ్ములు, గిల్లితే చీమ. రెండో రోజు అవే సైగలతో ఇంగ్లీషులో చెప్పండి. ఇక్కడ ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా, ఒక వాక్యం ఇంగ్లీషులో చెప్పి వెంటనే తెలుగులో చెప్పే అలవాటు మానుకోండి, ఎందుకంటే తెలుగు ఎలాగూ వస్తుందని పిల్లలు ఇంగ్లీషు వినడం ఆపేస్తారు. అర్థం సైగ చెబుతుంది.

మూడో రోజు పలకల మీద బొమ్మలు గీయించి వరసగా నిలబెట్టండి. పలక పట్టుకున్న బిడ్డ జవాబు చెబుతుంది, ప్రశ్న మాత్రం క్లాసంతా కలిసి అడగాలి, అప్పుడు బెరుకున్న పిల్లలు కూడా గొంతు కలుపుతారు. 'వై డిడెంట్ యూ ఏట్' అన్నారనుకోండి, ఆపి దిద్దకండి. మళ్లీ మీ వంతు వచ్చినప్పుడు 'ఈట్' అని కాస్త ఒత్తి పలకండి, రెండు మూడు సార్లకు వాళ్లే మార్చుకుంటారు. 'పిష్షు' అనే వాళ్లకు పైపళ్లు కింది పెదవికి తగిలించి గాలి వదలడం చూపించండి.

నాకు బాగా ఇష్టమైన భాగం దీని తర్వాతే. కథ మార్చమనండి. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కదా, ఒకసారి ఓ పిల్లాడు గడ్డిమేటును పక్కన పెట్టి 'రెయిన్ కేమ్, ఫిష్ నో డ్రై' అన్నాడు. తప్పుంటే ఉండనీండి, ఆ వాక్యం ఎవరూ నేర్పింది కాదు, వాడు ఇంట్లో చూసింది వాడే ఇంగ్లీషులో చెప్పుకున్నాడు. ఆ రోజు బోర్డు మీద ఆ మాటే సరిచేసి రాశాను, అందరూ చదివారు.

చదవడం, రాయడం ఇలా నోటికి వచ్చాకే పెట్టండి. తర్వాతి కథ కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో కథలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉచితంగా దొరుకుతాయి, ఒకటో లెవెల్ చాలు. దించుకునే ముందు ఒకసారి పైకి చదివి చూడండి, ఒకే వాక్యం కనీసం మూడు సార్లు తిరిగి రాకపోతే ఇప్పటికి పక్కన పెట్టేయండి.